అటక మీది గిటారు దించండి

పిల్లలు ఇంటర్ చదివేటప్పుడు ముచ్చటపడి కొనిపించుకుని, ఇంజనీరింగులో సీటు రాగానే అటకెక్కించిన గిటారు మీ ఇంట్లోనూ ఉందా? అయితే ఈ వారం దాన్ని దించి దుమ్ము దులపండి. అమ్మెయ్యడానికి కాదండీ, మీరు వాయించడానికే. "ఈ వయసులో ఇదేం సరదా?" అని ఎవరో ఒకరు అననే అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. విననట్టు ఊరుకున్నాను. మధ్యాహ్నం మూడు నుంచి మూడున్నర దాకా నన్నెవరూ కాఫీ అడగకూడదని మాత్రం గట్టిగా చెప్పాను. ఆ అరగంట సంపాదించడమే గిటారు కన్నా కష్టమైంది సుమండీ!

మనలాంటివాళ్ళు మొదట్లోనే విసిగి మానేసేది తిన్నగా పాట మీదకి వెళ్ళిపోవడం వల్లనే. రెండు మూడు తీగలు ఒకేసారి నొక్కిపట్టే కార్డులు కొత్తలో వేళ్ళకి లొంగవు. అందుకని ముందు చిన్న చిన్న బిట్లు పట్టండి. గిటారు వాయించేవాళ్ళు వీటిని 'లిక్' అంటారు. కీర్తనలో సంగతి లాంటిదనుకోండి, ఇంకా పొట్టిది.

ఒకటి చెప్తాను. ఫోనులో ట్యూనర్ పెట్టుకుని శ్రుతి చేసుకోండి. అన్నిటికన్నా సన్నది ఒకటో తీగ, లావుది ఆరోది. అడ్డంగా ఉన్న సన్నని కడ్డీలే మెట్లు, వీణకున్నట్టే. ఎడమచేతి చూపుడువేలు అయిదో మెట్టుకి, ఉంగరంవేలు ఏడుకి, చిటికెనవేలు ఎనిమిదికి. కడ్డీ మీద కాకుండా దానికి కాస్త వెనక నొక్కాలి. మూడో తీగ మీద అయిదు, ఏడు. రెండో తీగ మీద అయిదు, ఎనిమిది, మళ్ళీ అయిదు. తిరిగి మూడో తీగ మీద ఏడు, అయిదు. చివరికి నాలుగో తీగ ఏడు దగ్గర ఆగండి. గోడ గడియారం టిక్కుకో స్వరం చొప్పున, నిదానంగా.

కాస్త సంగీతం వచ్చినవాళ్ళు చెవి ఒగ్గి వినండి. ఆఖరిది షడ్జమం అనుకుంటే, గ మ ప ని ప మ గ స. శుద్ధధన్యాసి స్వరాలు! గిటారు పుస్తకాల్లో దీన్నే ఎ మైనర్ పెంటటానిక్ అంటారు. ఇప్పుడు అక్కడ ఆగకుండా మూడో తీగ అయిదుకి తిరిగొచ్చి ఆగి, దాన్ని షడ్జమం అనుకోండి. స రి గ ప గ రి స ద స. మోహనం అయిపోయింది! వేళ్ళు తిరిగిన చోట్లు అవే, నిలిచిన చోటే మారింది. పెళ్ళికి ముందు గీతాల దాకా నేర్చుకుని వదిలేసినవాళ్ళకి ఇది వినగానే ప్రాణం లేచొస్తుంది.

ఇక నగిషీ. మూడో తీగ మీద అయిదు మీటి, రెండోసారి మీటకుండా ఉంగరంవేలితో ఏడు మీద టక్కున కొట్టండి, పలుకుతుంది. ఇది హ్యామర్ ఆన్. దిగేటప్పుడు చూపుడువేలు అయిదు మీదే ఉంచి, ఏడు మీది వేలు తీగని గిల్లినట్టు లాగి వదిలితే పుల్ ఆఫ్. తీగని పక్కకి వంచే బెండ్ జోలికి ఇప్పుడే పోకండి. ఇలాంటి గిటారుకి మూడో తీగ సాధారణంగా లోహం చుట్టిన తీగ, ఓ పట్టాన వంగదు.

ముఖ్యమైన మాట. గిన్నెలు తోమి, బట్టలు పిండి వెంటనే గిటారు పట్టకండి. నానిన వేళ్ళని తీగ కోసేస్తుంది. చేతులు బాగా ఆరనివ్వండి. ఎడమచేతి గోళ్ళు పొట్టిగా తీసుకోండి. మొదట్లో పచ్చిమిరపకాయలు తరిగినట్టు మంట. కొన్ని వారాలకి వేలికొసలు గట్టిపడతాయి. కీళ్ళు నొప్పిచేస్తే మాత్రం ఆపెయ్యాలి. తీగలు తుప్పు పట్టి ఉంటే మార్పించండి, ఎక్స్‌ట్రా లైట్ సెట్టు అడిగితే వేళ్ళకి సుఖం.

మొన్న సెలవులకి వచ్చిన మా అమ్మాయి నా బిట్టు విని, "అమ్మా, గిటారు హాస్టలుకి పట్టుకెళ్తానే" అంది. ఇవ్వనన్నాను. కావాలంటే కొత్తది కొనుక్కోమన్నాను.