కాచిగూడ స్టేషను: నాడు, నేడు

హైదరాబాదు చరిత్ర అనగానే చార్మినారు, గోలకొండ మన మనస్సులో మెదలుతాయి. మనలో ఎందరో ప్రతిదినం ఎక్కి దిగే కాచిగూడ రైల్వే స్టేషను మాత్రం ఎవరికీ తట్టదు. నిత్యం చూచేదానిలో చరిత్ర ఉన్నదని నమ్మకపోవడం మానవ సహజం. కాని ఈ స్టేషను చరిత్ర తెలిసినవారికే దాని నేటి అవసరాలు కూడా తెలుస్తాయని మేము భావిస్తున్నాము.

హైదరాబాదు రాజ్యానికి రైలు 1874లో వచ్చినది. వాడి నుండి సికిందరాబాదు వరకు వేసిన ఆ మార్గం బొంబాయి-మద్రాసు మార్గంతో రాజధానిని కలిపినది. కాచిగూడ భవనం ఆ తరువాత నలభై రెండు సంవత్సరాలకు, 1916లో, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో వెలసినది. గుమ్మటాలు, మీనారులతో అలరారే ఈ కట్టడం నిజాం రైల్వేకు ప్రధాన కేంద్రంగా ఉండేది. ఇక్కడి నుండి మహబూబ్‌నగర్, గద్వాలల వైపు మీటరుగేజి బండ్లు నడిచేవి. పరదా పాటించే స్త్రీలు ఇబ్బంది లేకుండా రైలెక్కడానికి ఆనాడే ప్రత్యేకమైన ఏర్పాటు చేసినారు. గుమ్మటాలకన్న మాకు గొప్పగా తోచేది ఈ ఏర్పాటే. వచ్చేవారెవరు, వారికి కావలసినదేమి అని ముందుగా ఆలోచించి కట్టిన స్టేషను ఇది.

1950లో నిజాం రైల్వే భారత రైల్వేలలో చేరినది. 1966లో సికిందరాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. 1990వ దశకంలో మీటరుగేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చినది. 2003 ఆగస్టు 9న నగరంలో ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లు ప్రారంభమైనవి. 2004లో అవి కాచిగూడ మీదుగా ఫలక్‌నుమా వరకు సాగినవి. 2023లో ఉందానగర్ వరకు పొడిగింపబడినవి.

ఈ మార్గంలోని స్టేషన్ల పేర్లు ఒక్కసారి చదవండి. ఫలక్‌నుమా, హుప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, ఆపై మూసీ దాటి కాచిగూడ, విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజి. పాతబస్తీ ఇండ్ల నుండి విశ్వవిద్యాలయపు గుమ్మం దాకా ఒకే పట్టాల దారి! ఉర్దూలో ఉన్నత విద్య నేర్పడానికి 1918లో వెలసిన విశ్వవిద్యాలయం పేరు ఒక చిన్న స్టేషను పలకపై నేటికీ నిలిచి ఉన్నది. స్వల్ప చార్జీతో చదువు చెంతకు చేర్చే ఈ రైలు పేద విద్యార్థికి ఉపకారవేతనం వంటిదే. 2020 మార్చి నుండి 2021 జూన్ వరకు మహమ్మారి కారణంగా ఈ రైళ్లు ఆగినప్పుడు, ఆటోకు, బస్సుకు ఎక్కువ సొమ్ము చెల్లించిన కుటుంబాలకు దీని విలువ బాగా తెలిసినది.

సౌకర్యాలంటే బల్లలు, నీటికొళాయిలు, లిఫ్టులు మాత్రమే కావు. వేళకు వచ్చే రైలే మొదటి సౌకర్యం. దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, లోకల్ బండ్లు ఒకే పట్టాలపై నడవవలసి రావడం నిజమైన ఇబ్బందియే. ఒకదానికి దారి ఇవ్వాలంటే మరొకటి ఆగక తప్పదు. అయినను ఉదయం కళాశాలలు తెరిచే వేళ, సాయంత్రం విడిచే వేళ లోకల్ బండికే ముందు దారి ఇవ్వడం న్యాయం. ఎక్స్‌ప్రెస్ ప్రయాణికుడు పది నిమిషాలు ఆలస్యమైనా తన ఊరు చేరగలడు. విద్యార్థికి మాత్రం ఆ పది నిమిషాలలో మొదటి పాఠమే పోతుంది. అట్లే, సాయంత్రం చీకటి పడిన తరువాత చిన్న స్టేషన్ల నుండి ఇంటికి నడిచే ఆడపిల్లలకు దారిలో దీపాలుండడం లిఫ్టుకన్న ముఖ్యం. 1916లోనే స్త్రీల ప్రయాణాన్ని తలచి కట్టిన నగరానికి ఇది కొత్త పాఠం కారాదు.

మన కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. ఏ విద్యార్థి ఏ స్టేషనులో ఎక్కుచున్నాడో, ఏ బండికి వచ్చుచున్నాడో ఒక పట్టిక తయారు చేయించి రైల్వే అధికారులకు సమర్పించండి. మాటగా చెప్పిన కష్టంకన్న లెక్కతో చూపిన కష్టానికి బలమెక్కువ. మొదటి పీరియడు వేళను రైలు వేళతో సరిచూచి నిర్ణయించడం మన చేతిలోని పనియే.

విద్యార్థి సోదర సోదరీమణులకు కూడా ఒక మాట. టికెట్టు కొనని ప్రయాణికుడు లెక్కలోకి రాడు. లెక్కలో జనం లేని బండిని రద్దు చేయడం ఎవరికైనా సులభం. కావున టికెట్టు కొనడమంటే రేపటి బండిని నిలుపుకోవడమే. పట్టాలు దాటక వంతెన ఎక్కుదాము. స్త్రీల పెట్టెను స్త్రీలకే విడుద్దాము. పూర్వులు మనకు గుమ్మటాల స్టేషనును ఇచ్చినారు. దానిలో వేళకు బండి ఉండేటట్లు చూడడం మన తరం వంతు.