మా నాన్న ఎప్పుడు తిన్నాడో కూడా అడగండి

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి,

మా నాన్న లారీ డ్రైవరు. 16వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ నుంచి కోల్‌కతా లైను. చిన్నప్పుడు ట్రిప్పు నుంచి రాగానే ఆయన క్యారేజీ నేనే కడిగేదాన్ని. ఎన్నోసార్లు అడుగు గిన్నెలో అన్నం ముట్టకుండా బూజు పట్టి ఉండేది. అడిగితే, "పగలు కడుపు నిండా తింటే స్టీరింగు మీద కునుకొస్తుందమ్మా" అనేవాడు.

అందుకే పగలంతా టీ, ఖైనీ. రాత్రి పదకొండింటికి, లారీ ఆపుకునే జాగా ఉన్న దాబా దగ్గర హాల్టు. ఖాళీ కడుపున ఒక క్వార్టరు, దాని మీద నూనె తేలే కోడికూర. నాలుగింటికి మళ్లీ బండి తీయాలి, లోడు ఆలస్యమైతే ఓనరు బత్తా కోస్తాడు. క్వార్టరంటే 180 మిల్లీలీటర్ల మందు. అది ఒంట్లోంచి పూర్తిగా దిగడానికి దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. మత్తు వదిలిందనుకుని బండెక్కే మనిషి రక్తంలో ఆల్కహాలు, చట్టం చెప్పినట్టు 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువే ఉండొచ్చు.

తాగి నడిపేవాళ్లను వదిలేయమని నేను అడగను. ఎదురొచ్చే ఆటోలో ఉండేదీ మాలాంటి వాళ్లే. కానీ 2016లో సుప్రీంకోర్టు హైవేకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు వద్దంది, తర్వాత సడలింపులూ వచ్చాయి. దుకాణం దూరం ఇన్నిసార్లు కొలిచినవాళ్లు, డ్రైవరుకు అన్నం ఎంత దూరంలో ఉందో ఒక్కసారీ కొలవలేదు.

2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఆ మాట విని నాన్న నిజంగా సంతోషించాడు. అలాగే హైవే పొడవునా లారీలు ఆగే చోట్లు కట్టించండి. ఏ వేళకు వెళ్లినా పప్పన్నం, మజ్జిగ దొరకాలి. స్నానానికి నీళ్లు, ఒక మంచం ఉండాలి. ముఖ్యంగా బండికి కాపలా కావాలి. ట్యాంకులో డీజిలు తోడేస్తారన్న భయంతోనే నాన్న క్యాబిన్ దిగి పడుకోడు. రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలకు మించి ఏకధాటిగా నడపకుండా మధ్యలో అరగంట విరామం అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే ఉండేది. ఆ పనివేళలను అమలు చేయించండి.

నాన్నకు ఇప్పుడు షుగరు. వేళకు తినమన్నారు డాక్టరు. ఇందాక ఫోన్ చేస్తే శ్రీకాకుళం దాటానన్నాడు. "తిన్నావా నాన్నా?" అన్నాను. "ఇంకా లేదమ్మా, ఆపుకోడానికి జాగా చూస్తున్నా" అన్నాడు. అప్పటికి రాత్రి పదిన్నర.

ఇట్లు,
ఒక లారీ డ్రైవరు కూతురు
ఆటోనగర్, విజయవాడ