అన్నీ చేసే యాప్ వద్దు, ఒక్క పని సరిగా చేసేది ఇయ్యండి



ఈమధ్య ఎవరొచ్చినా "రైతుకి కావాల్సినవన్నీ ఒకే యాప్‌లో" అంటున్నారు. నా ఫోన్లో అట్టాంటిది ఒకటి పెట్టిపోయారు, పేరు చెప్పను. గుంటూరు యార్డులో మిర్చి రేటు చూడాలంటే ముందు లాగిన్, తర్వాత ఓటీపీ, తర్వాత అప్‌డేట్. అదయ్యాక లోన్ కావాలా అని అడుగుద్ది. సర్వర్ పడిపోయిన రోజు వానొచ్చుద్దో లేదో కూడా కనపడదు. రేటుకీ వానకీ సంబంధం ఏంది? అన్నీ ఒకే మూటలో కట్టారు, అదీ సంబంధం.

మన సామాన్లు చూడండి. నాగలి దున్నుద్ది, గుంటక కలుపు కోసుద్ది, గొర్రు విత్తుద్ది. కాడి మాత్రం అన్నిటికీ ఒకటే. గొర్రు విరిగితే గొర్రునే వడ్లాయన దగ్గరికి తీసుకుపోతాం, నాగలి ఆగదు. ట్రాక్టరూ అంతే. రోటవేటరు ఏ కంపెనీదైనా వెనక మూడు పాయింట్లకి తగిలించుకోవచ్చు.

ఇది పల్లెటూరి మాట అని కొట్టేయకండి. కంప్యూటరోళ్ళు ఎప్పుడో అన్నమాటే. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ అనే ఆయన 1964లోనే రాశాడు, తోటకి నీళ్ళు పెట్టే పైపుల మాదిరి ప్రోగ్రాములని ఒకదానికొకటి బిగించుకునేట్టు ఉండాలని. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో అది చేసి చూపించాడు. దానికి పేరు కూడా పైపే! ఒక ప్రోగ్రాము వెతుకుద్ది, ఇంకోటి వరస పెడుద్ది, మూడోది లెక్కపెడుద్ది. మధ్యలో పారేది ఉత్త అక్షరాలే. మన మార్కాపురం పలక లాగా, ఎవరు రాసినా ఎవరైనా చదువుకోవచ్చు.

మన దేశంలో చేతకాదా? 2016లో వచ్చిన యూపీఐ ఏంది మరి? అంగట్లో ఒక్క క్యూఆర్ కాయితం, మన బ్యాంకు ఏదైనా, యాప్ ఏదైనా డబ్బు పోతానే ఉంది. అట్టాంటప్పుడు సర్వే నంబరు, పంట పేరు ప్రతి యాప్‌లో మళ్ళీ మళ్ళీ ఎందుకు కొట్టాలి?

"ఒకే యాప్ అయితే రైతుకి సులువు" అంటారు. సగం నిజమే, పది యాప్‌లు పెట్టుకోమంటే నేనూ ఒప్పుకోను. గడప ఒకటే ఉండనీండి, గదులు వేరేగా ఉండాలి. కానీ యాప్ అమ్ముకునేవాడికి అది గిట్టదు. రేటు చూసుకుని మనం వెళ్ళిపోతే వాడి లోన్ బొమ్మ ఎవరు నొక్కుతారు?

రేటు ఉత్త మెసేజ్‌గా రావాలి, లాగిన్ లేకుండా. వాన కబురు దానికది రావాలి. ఈసారి ఊళ్ళోకి యాప్ పట్టుకొచ్చిన పిల్లలని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ముందు ఇది అడగండి: దీంట్లో నేను నింపిన పొలం లెక్క బయటికి తీసి ఇంకోదాంట్లో ఎట్టా వేసుకోవాలయ్యా?