పడవలో కూర్చోవలసినది ఎవరు?

డైమానియత్ దీవుల విహారయాత్రకు మన కార్యవర్గం వారు పంపిన సర్క్యులరులో ఒక వాక్యం ఉంది. "పురుషులకు, పన్నెండేళ్ళు నిండిన అబ్బాయిలకు శిక్షకుని పర్యవేక్షణలో స్కూబా పరిచయం, స్త్రీలకు, పిల్లలకు పడవలోనే అంత్యాక్షరి, తంబోలా." దీనిని ఎవరో దురుద్దేశంతో రాశారని మేము అనుకోవడం లేదు. దురుద్దేశమైతే వాదించడం తేలిక. ఇది అలవాటు మీద చెయ్యి తనంతట తానే రాసేసిన వాక్యం. ఇలా ఎందుకని అడిగితే కార్యవర్గంలో ఇద్దరు నీళ్ళు నమిలారు. మూడోవారు మాత్రం, "వైద్యులు, మీకు తెలియనిదేముంది, ఆడవారి శరీరానికి అది పడదు కదా!" అన్నారు. వైద్యులమనే ఆ మాట అన్నారు గనుక వైద్యం మాటే ముందు చెబుతాం.

స్కూబాలో వీపున కట్టుకునే సిలిండరులో ఉండేది చాలామంది అనుకునే ఆక్సిజన్ కాదు, మామూలు గాలే, అణచి నింపినది. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణపు పీడనం అదనంగా చేరుతుంది. ఆ పీడనంలో గాలి పీలుస్తున్నకొద్దీ నైట్రొజన్ రక్తంలోనూ కొవ్వులోనూ కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే సోడా బుడ్డి మూత తీసినట్టు బుడగలు పుడతాయి. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లవచ్చు. ప్రమాదాలలో ముఖ్యమైనవి ఇవి. వీటిని తప్పించుకునే దారి నిదానం, శిక్షణ, లోతుకూ సమయానికీ హద్దు. ఆ హద్దు మీసం ఉన్నవారికొకటి, లేనివారికొకటి లేదు. ఎత్తయిన ప్రదేశాల పీడనాన్ని కల్పించే గదులలో 1970లలో జరిగిన కొన్ని పరిశీలనలు స్త్రీలకు ఈ బుడగల జబ్బు ఎక్కువేమోనని అనుమానపడిన మాట నిజం. తరవాత నీటిలో దిగేవారిని గమనించినప్పుడు ఆ అనుమానం నిలబడలేదు.

నెలసరి రోజుల్లో దిగితే సొరచేపలు వాసన పట్టి వస్తాయన్నది మరొకటి. దీనికి ఆధారం లేదు. ఆ రోజుల్లో ఓపిక ఉన్నవారు దిగవచ్చు, లేనివారు మానవచ్చు. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఆలోచించినట్టే ఆలోచిస్తే చాలు. గర్భసంచి చెడిపోతుందనీ, తరవాత పిల్లలు పుట్టరనీ అనేవారికీ చూపడానికి ఆధారం లేదు. అయితే ఒక్కచోట మేము గట్టిగా అడ్డం చెబుతాం. గర్భవతులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు సిలిండరు కట్టుకుని దిగకూడదు. తల్లి రక్తంలోని చిన్న బుడగలను ఆమె ఊపిరితిత్తులు వడకట్టగలవు. కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పని మొదలుపెట్టలేదు, ఆ జల్లెడ బిడ్డకు లేదు. ఇది తొమ్మిది నెలల నిషేధం. దానిని పట్టుకుని యాభై ఏళ్ళ నిషేధం చెయ్యడం వైద్యం కాదు.

నిజానికి మన ఆడవారి విషయంలో వైద్యులుగా మేము భయపడేది రక్తహీనతకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తం తక్కువ. విమానం ఎక్కి వచ్చినంత మాత్రాన అది నయమైపోదు. సముద్రం గురించి ఇంత ఆదుర్దా పడే భర్తలు ఇంట్లోవారి హీమోగ్లోబిన్ ఎంతో చెప్పగలరా?

ఇక మా దగ్గరకు డైవింగు ఫారం మీద సంతకం కోసం వచ్చేవారి సంగతి. నలభై అయిదేళ్ళ పెద్దమనిషి, రక్తపుపోటుకు ఒక మాత్ర, షుగరుకు రెండు, కొలెస్టరాలుకు ఒకటి, మెట్లెక్కితే ఆయాసం. "ఏమీ ఫరవాలేదు, సంతకం పెట్టండి డాక్టరుగారూ" అంటారు. డైవింగు మరణాలలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా గుండెజబ్బు ప్రమేయం ఉంటున్నది. చనిపోయినవారిలో అత్యధికులు మగవారు. దిగేవారిలో మగవారు ఎక్కువ గనుక ఈ లెక్కతో మగవారికే ప్రమాదమని మేము వాదించబోము. అది సరైన లెక్క కాదు. కాని "శరీరానికి పడదు" అన్న మాట ఈ పెద్దమనిషిని ఒక్కరూ అనలేదే!

బరువు మోయలేరన్న మాట విన్నప్పుడు నవ్వు వచ్చింది. గట్టు మీద సిలిండరు బరువే. నీటిలో దాని బరువు తెలియదు. సగటున ఆడవారి ఊపిరితిత్తులు చిన్నవి గనుక అదే సిలిండరుతో వారు తరచు ఎక్కువసేపు ఉండగలుగుతారు, పక్కనున్న మగవారి గాలి ముందు అయిపోతుంది. ఇబ్బంది కలిగించేది అద్దె సూటు. దుకాణాల్లో ఉండేవి చాలావరకు మగవారి కొలతలవి. వదులుగా ఉంటే లోపలి వెచ్చని నీరు నిలవక చల్లనీరు వస్తూ పోతూ ఉంటుంది, చలి వేస్తుంది. ముందుగా కొలతలు పంపితే తీరే సమస్య ఇది.

మర్యాద సంగతా? ఆ సూటు మెడ నుంచి చీలమండ దాకా కప్పుతుంది. మన పెళ్ళిళ్ళలో చీరలు అంత కప్పవు. నల్లబడితే పిల్లకు సంబంధాలు రావన్న అమ్మగారికి మా సమాధానం ఒక్కటే: అలాంటి సంబంధం రాకపోవడమే మంచిది.

ఇది మగవారి క్రీడ అన్న మాటను కాస్త నిదానంగా చూద్దాం. 1943లో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు ఫ్రాన్సులో ఈ పరికరాన్ని తయారు చేశారని పుస్తకాలు చెబుతాయి. గన్యాన్ ఏ గాలి కంపెనీలో ఇంజనీరో, కూస్తో మామగారు ఆ కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఆ మామగారి కూతురు సిమోన్ మొదటి రోజుల్లోనే ఆ పరికరంతో నీటిలో దిగింది. కలిప్సో ఓడ మీద భర్తకంటె ఎక్కువ కాలం గడిపింది. ఓడ ఖర్చులకు నగలు కూడా అమ్మిందని చెబుతారు. సినిమాలలో మాత్రం ఆమె కనిపించేది బహు తక్కువ. మన ఇళ్ళలో ఈ కథ తెలియనిదెవరికి?

అమెరికాలో 1969లో నలుగురు మగవారు సముద్రం అడుగున టెక్టైట్ అనే నివాసంలో ఉండి పరిశోధన చేశారు. మరుసటి ఏడు రెండవ విడతకు సిల్వియా అర్ల్ అనే వృక్షశాస్త్రవేత్త దరఖాస్తు పెట్టింది. అప్పటికే ఆమెకు నీటి అడుగున వెయ్యి గంటలకు మించిన అనుభవం. అర్హత లేదనలేరు. ఆడా మగా ఒకే నివాసంలో ఉండటానికి మాత్రం ఒప్పుకోలేకపోయారు. చివరకు అయిదుగురు స్త్రీలతో వేరే జట్టు కట్టారు. 1970 జులైలో వర్జిన్ దీవుల దగ్గర సుమారు 15 మీటర్ల లోతున వారు రెండు వారాలు పనిచేశారు. పైకి వచ్చాక పత్రికలవారు అడిగిన ప్రశ్నలలో లిప్‌స్టిక్ గురించి, జుట్టు ఆరబెట్టే యంత్రం గురించి కూడా ఉన్నాయి! ఆమె 1979లో హవాయి దగ్గర లోహపు కవచం వంటి సూటులో 381 మీటర్ల లోతున సముద్రపు నేల మీద నడిచింది.

వీళ్ళు తెల్లవాళ్ళు, వాళ్ళ దారి వేరు అంటారా? తూర్పుకు చూడండి. కొరియాలోని జేజు దీవిలో సముద్రంలో దిగి సంపాదించి ఇల్లు నడిపినది ఆడవారే. హెన్యో అనే ఈ స్త్రీలు 1960లలో ఇరవై వేలకు పైగా ఉండేవారు. సిలిండరు లేదు, ఊపిరి బిగబట్టడమే. చలికాలపు నీటిలో నూలుబట్టలతో దిగేవారు. హాంగ్, రాన్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞులు వీరి గురించి 1967లో ప్రకటించిన వ్యాసం ప్రసిద్ధమైనది. చలికాలంలో వారి శరీరం మామూలుకంటె ఎక్కువ వేడి పుట్టించుకునేది. 1970లలో రబ్బరు సూట్లు వచ్చాక క్రమంగా ఆ గుణం పోయింది. ఆడవారి శరీరానికి చన్నీళ్ళు పడవన్న వారికి ఇంతకంటె ఏం చెప్పాలి? వీరి విద్యను యునెస్కో 2016లో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. జపాను 'అమ' స్త్రీలదీ ఇలాంటి వృత్తే. మనం ఉద్యోగాలు చేసుకుంటున్న ఈ గల్ఫు తీరంలో ముత్యాల కోసం దిగినవారు మగవారు. 1930లలో ఆ వ్యాపారాన్ని పడగొట్టినది జపాను పెంపకపు ముత్యం. ఆ ముత్యపు చిప్పలను అడుగు నుంచి పైకి తెచ్చినవారు ఆడవారు.

ఇంకా దగ్గరకు రండి. రామేశ్వరం, పాంబన్ ప్రాంతపు పల్లెల్లో స్త్రీలు తరతరాలుగా సముద్రపు నాచు కోసం మునుగుతున్నారు. చీర మీద మగవారి చొక్కా తొడుక్కుని, రాళ్ళు కోయకుండా వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని దిగుతారు. వారిలో చిన్నపాళెం లక్ష్మి అనే ఆమెకు 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది. కూటికోసం ఆడది మునిగితే ఎవరికీ అభ్యంతరం లేదు. గురువారం దాకా ఉద్యోగం, ఇల్లు ఈడ్చి, శుక్రవారం నాడు సరదాకు మునుగుతానంటేనే గర్భసంచి, సొరచేపలు, సంప్రదాయం అన్నీ ఒక్కసారి లేచి వస్తాయి.

అసలు అడ్డంకి ఒకటుంది, అది చెప్పక తప్పదు. మన ఆడవారిలో చాలామందికి ఈత రాదు. అన్నదమ్ములు బెండ్లు కట్టుకుని బావిలోనో కాలవలోనో దూకి నేర్చుకున్నారు. అక్కచెల్లెళ్ళు పుష్కరాలకు గొలుసు పట్టుకుని మూడు మునకలు వేసి, చీర పిండుకుని గట్టెక్కారు. ఇది దేహలోపం కాదు, పెంపకపు లోపం, మూడు నెలల్లో పోతుంది. సాధారణ డైవింగు సర్టిఫికెట్టుకు కావలసినది 200 మీటర్లు, ఏ పద్ధతిలోనైనా, ఎంతసేపటికైనా ఈదడం, పది నిమిషాలు నీటి మీద తేలి ఉండటం. అంతే. ఆ సర్టిఫికెట్టు ఇచ్చే లోతు 18 మీటర్లు. పరిచయపు డైవు 12 మీటర్లు దాటదు, పదేళ్ళు నిండిన పిల్లలెవరైనా దిగవచ్చు. మన సభ్యుల కుటుంబాలలో స్కూలు ఈత పోటీలలో పతకాలు తెచ్చిన పధ్నాలుగేళ్ళ అమ్మాయి ఉంది. ఈ సర్క్యులరు ప్రకారం ఆమె తంబోలా ఆడాలి; ఈత సరిగా రాని ఆమె తమ్ముడు తాబేళ్ళను చూసి రావాలి.

పిల్లలను ఎవరు చూస్తారు అన్న ప్రశ్న కొట్టివేయదగినది కాదు. కాని దానికి సమాధానం డైవింగు పద్ధతిలోనే ఉంది. పడవ ఒక రోజులో రెండు సార్లు దింపుతుంది, నడుమ సుమారు గంట విరామం. మొదటిసారి భర్త దిగితే భార్య పడవలో ఉంటుంది. రెండోసారి ఆమె దిగితే ఆయన ఉంటారు. చంటిపిల్లలకు తండ్రి చేతి పాలసీసా కూడా దిగుతుంది, మేము చూశాం. పులిహోర, పెరుగన్నం హోటలు నుంచి తెప్పించండి. లేదా దిగనివారు కలపండి.

ఈ నెల సర్వసభ్య సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం ఇది. సర్క్యులరులో 'పురుషులకు, అబ్బాయిలకు' అన్న మాటలు తీసి 'పదేళ్ళు నిండి, ఆరోగ్యం సరిపోయిన సభ్యులకు' అని వేయాలి. జంటలకు వంతులు ముందే రాయాలి. సూటు కొలతలు పేరుతోపాటు తీసుకోవాలి. ఆరోగ్యపు ఫారాలు ఆడవారివీ మగవారివీ ఒకే గీటురాయితో మేము ఉచితంగా చూస్తాం. సగం మంది మగవారికి నిరాకరించవలసి వస్తే నొచ్చుకోకూడదు. ఈత నేర్చుకోదలచిన స్త్రీలకు శనివారం ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా తరగతి పెట్టడానికి ఒక కొలను వారు ఒప్పుకున్నారు, శిక్షకురాలు కూడా దొరికింది. ఇప్పటికి తొమ్మిది పేర్లు వచ్చాయి. వారిలో ఒకరికి అరవై రెండేళ్ళు, కొడుకు దగ్గరకు చుట్టపుచూపుగా వచ్చారు, సముద్రంలో దిగరట, ఈత ఒక్కటి నేర్పితే చాలన్నారు. పదో పేరు రాగానే మొదలుపెడతాం.