పురుగుల ఇల్లు కడుగుతాం, మన ఒళ్లు ఎవరు చూస్తారు?



గుడ్లు తెచ్చే ముందు మనం ఏం చేస్తాం? పురుగుల ఇల్లు కడిగి, బ్లీచింగ్ పౌడరు, సున్నం కలిపిన నీళ్లు కొడతాం. తట్టలు, చంద్రికలు ఎండబెడతాం. లోపలికి పోయే ముందు చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుంటాం. ఒక్క పురుగు కూడా జబ్బు పడకముందే ఇదంతా చేస్తాం. పాల రోగం కనపడినాక చేసేదేమీ లేదని మనకు బాగా తెలుసు.

మరి ఇదే తెలివి మన ఒంటి విషయంలో ఎందుకు లేదు?

మా ఇంట్లో జరిగింది చెప్తాం. మూడేండ్ల కింద మా అన్న కాలికి తోటలో మల్బరీ మోడు గుచ్చుకుంది. చెప్పుల్లేకుండా ఆకు కోసేది ఆయనకు అలవాటు. నొప్పి పెద్దగా లేదని పసుపు పెట్టుకున్నాడు. పురుగులు ఆఖరి జ్వరం లేచి ఆకు విరగబడి తింటున్నాయి, ఆసుపత్రికి పోయేదానికి తీరిక ఎక్కడ? గూళ్లు అమ్మినాక చూద్దామని మేమే అన్నాం. ఆ తప్పు మాదే. గూళ్లు హోసూరు మార్కెట్టుకు చేరేసరికి వేలు నల్లబడింది. రక్తం పరీక్ష చేస్తే షుగరు విపరీతంగా ఉంది. ఎన్నేండ్ల నుంచి ఉందో ఎవరికీ తెలీదు. కాలి నరాలు మొద్దుబారినాయి, అందుకే నొప్పి తెలియలేదని డాక్టరు చెప్పినారు. రెండు వేళ్లు తీసేసినారు. ఆ పంటకు వచ్చిన డబ్బు కంటే ఖర్చే ఎక్కువైంది. ఇప్పుడు ఒక ఎకరా తోట గుత్తకిచ్చినాం.

"మట్టి పిసికేవాళ్లం, మనకెందుకొస్తుంది షుగరు, అది పట్నం వాళ్ల జబ్బు" అని మనలో చాలామంది అంటారు. మేమూ అట్లే అనుకున్నాం. ఐసీఎంఆర్‌తో కలిసి చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 2008 నుంచి 2020 వరకు దేశంలో పట్నాలు, పల్లెలు తిరిగి లక్షా పదమూడు వేల మందిని పరీక్షించినారు. ఆ లెక్క 2023లో వచ్చింది. పెద్దవాళ్లలో నూటికి 11 మందికి షుగరు, 15 మందికి షుగరు వచ్చే ముందు దశ, 35 మందికి బీపీ. మన బతుకూ మారింది కదా. తోటకు పోయేది బండి మీద, దున్నేది టిల్లరుతో. సంగటి పోయి మూడు పూటలా అన్నం వచ్చింది. మధ్యలో చక్కెర టీ ఎన్నిసార్లో లెక్కే లేదు.

ముందు దశలో పట్టుకుంటే మేలుందా? ఉంది. డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం అట్లాంటి 531 మందిని మూడేండ్ల దాకా గమనించి, 2006లో ఫలితం చెప్పినారు. మామూలుగా వదిలేసిన వాళ్లలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. రోజూ అరగంట నడక, చక్కెర, నూనె తగ్గించిన తిండి పాటించిన వాళ్లలో 39 మందికే వచ్చింది. పూర్తిగా ఆగలేదు, నిజమే. అయినా నూటికి పదహారు మంది తప్పించుకున్నారు. నూరు గుడ్లలో పదహారు ఎక్కువ పండితే మనం వద్దంటామా?

ముందే చూసి కాపాడుకునే పాఠం మన పురుగు దగ్గర నేర్చిందే. 1865లో ఫ్రాన్సు దేశపు అలెస్ ప్రాంతంలో పెబ్రిన్ రోగంతో పట్టు రైతులు మునిగిపోతుంటే లూయీ పాశ్చర్ అక్కడికి పోయినాడు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూడమన్నాడు. రోగం కనపడితే ఆ గుడ్లు పారేయమన్నాడు. ఈనాటికీ మన గుడ్ల కేంద్రాల్లో చేసేది ఆ పరీక్షే. అయితే ఆ పని నడుస్తుండగానే, 1868లో, పాశ్చర్‌కు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. అప్పుడాయనకు 45 ఏండ్లు. మా వయసే. పురుగును కాపాడినాయనకు తన బీపీ చూసుకునే పరికరం ఆ కాలంలో లేదు.

మనకు ఆ పరికరం ఇంటి గడపకే వస్తోంది. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న "మక్కళై తేడి మరుత్తువం" మొదలుపెట్టింది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. ఆరోగ్య సేవకురాలు ఇంటికొచ్చి బీపీ, షుగరు చూస్తుంది, జబ్బున్నవాళ్లకు మాత్రలిస్తుంది. మనమేమో "మేత వెయ్యాలమ్మా, ఇంకోసారి రా" అని పంపించేస్తాం. మా ఇంట్లో అట్లే రెండుసార్లు పంపించినాం.

కాబట్టి మా మాట ఇది. పంటకూ పంటకూ నడుమ పురుగుల ఇంటికి మందు కొట్టే వారంలోనే ఇంట్లో పెద్దవాళ్లందరూ బీపీ, షుగరు చూపించుకుందాం. గుడ్ల లెక్క, గూళ్ల ధర రాసే నోటుబుక్కులోనే ఆ అంకెలూ రాసుకుందాం. తోటలోకి చెప్పులేసుకుని పోదాం. రాత్రి కాళ్లు కడిగేటప్పుడు అరికాలు తిప్పి చూసుకుందాం. ఒక పూటైనా ఆకుకూరతో సంగటి తిందాం. అది మందు కాదు, డాక్టరిచ్చిన మాత్ర మానొద్దు.

ఒక పంట పోతే ఇంకో పంట పెట్టుకోవచ్చు. మా అన్న వేళ్లు మళ్లీ రావు.