సాఫ్టువేరునకును ప్రయోగపు మడి యుండవలదా?

పొలాస పరిశోధనా క్షేత్రమున నొక క్రొత్త వరి వంగడము సిద్ధమైన మరునాడే దానిని జిల్లా యంతట చల్లుడని యెవరును చెప్పరు. మొదట చిన్న మళ్లలో పరీక్షింతురు. పిమ్మట మినీకిట్లుగా రైతులకిచ్చి, వారి పొలముననే, వారి నీటితోనే పండించి చూతురు. తెగులు సోకినదా, గాలికి పడినదా యని రైతునే యడుగుదురు. మనమందరమెరిగిన జగిత్యాల సన్నాలు ఆ క్షేత్రమున పుట్టినవే.

మన భూముల లెక్కలు వ్రాయు సాఫ్టువేరు విషయమున నీ యోపిక చూపబడలేదు. ధరణి 2020 అక్టోబరు 29వ తేదీన రాష్ట్రమంతట నొక్కసారిగ తెరవబడెను. తహసీలుదారు కార్యాలయముననే రిజిస్ట్రేషనును పట్టా మార్పిడియు నొక్కనాడే ముగియుట మేలైన మార్పే. దానిని కాదనుట అన్యాయము. అయితే విస్తీర్ణము తగ్గిపోయినవారు, సర్వే నంబరే కానరానివారు, పట్టా భూమి నిషేధిత జాబితాకెక్కినవారు ఊరూర బయలుదేరిరి. తప్పు కన్నులయెదుట నున్నను తహసీలుదారునకు దిద్దు నధికారము లేకుండెను. దరఖాస్తు పెట్టుటకు తెరమీద తగిన గడియు లేకుండెను. ఆ గడులు తరువాత నొక్కొక్కటిగ చేర్చబడెను. ఈలోపల బిడ్డ పెండ్లికో, వైద్యమునకో అరయెకరము అమ్మదలచినవాడు ఏమి చేయవలయును? దోషమంతయు సాఫ్టువేరుదే యని నేననను. 2020 నాటి చట్టమే రెవెన్యూ కోర్టులను తొలగించెను. కాని తప్పు దొరలునని ముందే తలపోసి, దిద్దుబాటునకు దారి యుంచని పని మత్తడి లేని చెరువు వంటిది.

భూభారతి వేళకు కొంత తెలివి కలిగినది. 2025 ఏప్రిల్ 14న ఆరంభించి, మొదట మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి మండలములలో మాత్రమే ప్రయోగించిరి. జూనులోనే తక్కిన మండలములకు విస్తరించుట తొందరపాటని నా తలంపు. ఒక్క పంటకాలమైనను ఆగవలసినది.

సాఫ్టువేరు వ్రాయువారికిది తెలియని సంగతి కాదు. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రమున 17 మంది నిపుణులు కూడి, పనిని కొంచెము కొంచెముగ చేసి, వాడువారికి చూపి, వారి మాటను బట్టి మార్చుకొనుచు పోవలయునని ప్రకటించిరి. మన కార్యాలయములలో టెండరు పత్రము వ్రాయునపుడు గుమాస్తానుగాని రైతునుగాని పిలుచుట అరుదు.

ఇక మన యింటి మాట. 2022 జూనులో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించుటకు నిశ్చయించెను. దేశమంతటికి నొకే విధమైన సాఫ్టువేరు మంచిదే. కాని కోరుట్ల పసుపు రైతు చేతికి సొమ్ము వచ్చు కాలము వేరు, ధర్మపురి వరి రైతుది వేరు. ఈ భేదము పట్టణమున కూర్చుండి వ్రాయువానికెట్లు తెలియును? మన గుమాస్తా చెప్పవలయును, అతనిని అడుగువారుండవలయును.

కావున ఏ క్రొత్త సాఫ్టువేరు వచ్చినను మొదట నొక సంఘమున, ఒక పంటకాలము, పాత లెడ్జరు ప్రక్కనే నడిపి చూడవలయుననియు, దిద్దిన ప్రతి పద్దునకును దిద్దినవాని పేరు, తేదీ నిలిచియుండవలయుననియు వచ్చు మహాజన సభలో తీర్మానము ప్రతిపాదింపదలచితిని. బలపరచదలచిన సభ్యులు తమ అప్పు పద్దును సంఘపు లెక్కతో ముందుగ సరిచూచుకొని, తేడాలున్న కాగితములతో రాగోరెదను.