ఫోన్ తప్పుకు శిక్ష రైతుకా?

సార్వా అయినా, దాళ్వా అయినా పంట అమ్ముకుని డబ్బు చేతికి రావాలంటే నీరు, ఎరువుతో పాటు ఇప్పుడు సెల్‌ఫోన్ కూడా సరిగా పని చేయాలి. ఈ-పంట నమోదుకు ఫోన్. పీఎం కిసాన్ కేవైసీకి ఫోన్. ధాన్యం ఏ రోజు అమ్ముతామో చెప్పడానికి వాట్సాప్‌లో ‘హాయ్’ అని పెట్టే ఏర్పాటు 2024 ఖరీఫ్‌లో వచ్చింది. ఇవన్నీ మంచికే వచ్చాయి. సొమ్ము నేరుగా ఖాతాలో పడుతోంది. ఆఫీసుల చుట్టూ తిరుగుడు కొంత తగ్గింది. కాదనేవారు లేరు.

అయితే ఫోన్ మొరాయించిన రోజున ఆ తప్పు ఎవరి మీద వేస్తున్నారన్నదే అసలు ప్రశ్న. ‘నీ వేలిముద్ర పడలేదు’, ‘నీకు ఓటీపీ రాలేదు’, ‘నీ చేను చూపించట్లేదు’ అంటారు. ఏ మాట చూసినా ‘నీ’తోనే మొదలు. పాపం రైతు తనకే చేతకాలేదేమో అనుకుని సిగ్గుపడి ఇంటికి వచ్చేస్తాడు. ఈలోగా గడువు దాటిపోతుంది.

రైతు సోదరులారా, సిగ్గుపడాల్సిన పనేం లేదు. లక్ష రూపాయల ఫోన్లే తప్పాయి. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను ఆపేసింది. ‘జ్ఞానం’ అనే మాటలో మొదటి అక్షరం ‘జ్ఞా’ ఒక రకంగా టైపయి మెసేజ్‌లో వస్తే చాలు, దాన్ని చూపించలేక మెసేజ్ యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే తంతు. అక్షరంలో తప్పు లేదు, రాసినవారిలో తప్పు లేదు. లోపం ఆపిల్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆ నెల 19న దిద్దుబాటు విడుదల చేశారు. అదే ఏడాది ఆగస్టులో ఎవరూ దాచుకోకుండానే ఆధార్ సంస్థ పాత ఫోన్ నంబరు చాలామంది ఫోన్లలో కనబడి దేశమంతా గగ్గోలు పుట్టింది. 2014లో పొరపాటున తామే పెట్టామని గూగుల్ ఒప్పుకుంది. 2025 ఏప్రిల్ 12న యూపీఐ చెల్లింపులకు దేశవ్యాప్తంగా అంతరాయం కలిగింది. అంతంత సంస్థలకే తప్పనిది, నిడమర్రులో ఎకరం రైతు ఫోన్‌కు తప్పుతుందా?

లోపం ఎక్కడ?

మన దగ్గర తరచూ వచ్చే తిప్పలు నాలుగున్నాయి. మొదటిది ఓటీపీ. ఫోటోలు, వీడియోలతో ఫోన్ నిండిపోతే కొత్త మెసేజ్‌లు రావు. కొన్నిసార్లు వచ్చిన మెసేజ్‌ను ఫోనే ‘స్పామ్’ అని పక్కన పడేస్తుంది.

రెండోది తేదీ. బ్యాటరీ పూర్తిగా అయిపోయి మళ్లీ వెలిగిన పాత ఫోన్లలో తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే బ్యాంకు యాప్, ప్రభుత్వ యాప్ తెరుచుకోకపోవచ్చు. నెట్ బాగానే ఉన్నా ‘నెట్ లేదు’ అనొచ్చు.

మూడోది చేను గుర్తింపు. ఈ-పంటలో సిబ్బంది మీ చేలో నిలబడి ఫోటో తీసినా, ఒక్కోసారి ఫోన్ పక్క చేను చూపిస్తుంది. బ్యాటరీ పొదుపు పెట్టిన ఫోన్, ఉపగ్రహాన్ని వదిలేసి దగ్గర్లోని టవరును బట్టి చోటు అంచనా వేస్తుంది. ఆ అంచనా ముప్పై సెంట్ల మడికి సరిపోదు.

నాలుగోది కొల్లేరు వైపు చేపల రైతులకు ప్రాణసంకటం. కరెంటు పోతే, ఏరేటర్ ఆగితే ఫోన్‌లో హెచ్చరిక వచ్చే పరికరాలు చాలామంది పెట్టుకున్నారు. చెరువులో ప్రాణవాయువు బాగా పడిపోయేది తెల్లవారుజామునే. సరిగ్గా ఆ వేళకే బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చేస్తుంది. హెచ్చరిక మోగదు. లేచి చూసేసరికి చేపలు తేలిపోతాయి.

మనం చేయాల్సింది

వారానికోసారి ఫోన్‌లో అక్కర్లేని వీడియోలు తీసేయండి. ఓటీపీ రాకపోతే స్పామ్ పెట్టె కూడా చూడండి. తేదీ, సమయం ‘ఆటోమేటిక్’లో పెట్టండి. చేను ఫోటో తీసేటప్పుడు చెట్టు కింద కాకుండా ఆకాశం కనిపించే చోట రెండు నిమిషాలు ఆగమని సిబ్బందికి చెప్పండి. చెరువు యాప్‌కు బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు పెట్టి, పగటిపూట కరెంటు తీసి హెచ్చరిక మోగుతుందో లేదో పరీక్షించండి. మోగినా సరే, కాపలా మనిషిని మానిపించవద్దు. పీఎం కిసాన్‌కు ఓటీపీ ఒక్కటే దారి కాదు. వేలిముద్ర ఉంది. ముఖం చూపించి చేసుకునే వీలు 2023 జూన్‌లోనే వచ్చింది.

అన్నిటికంటే ముఖ్యం, యాప్ ఆగిన ప్రతిసారీ తెరను తేదీ, సమయం కనబడేలా ఫోటో తీసుకోండి. ఆ రోజే తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి రైతు సేవా కేంద్రంలో ఇచ్చి, నకలు మీద సంతకం అడగండి. కౌలుదారులు మరీ జాగ్రత్త. పొలం కాగితం మీ పేరున ఉండదు కాబట్టి మీ చేతిలో ఉండే రుజువు ఇదే. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. దెందులూరు, కైకలూరు వారికి ఏలూరు, తాడేపల్లిగూడెం వారికి భీమవరం.

అధికారులు చేయాల్సింది

రైతు సేవా కేంద్రం సిబ్బందిని తిట్టి లాభం లేదు. వాళ్ల చేతిలో ఉన్నదీ అలాంటి ఫోనే, వాళ్లదీ అదే అవస్థ. మార్చాల్సింది పద్ధతిని. సర్వర్ ఆగిన రోజుల్ని గడువులో లెక్క వేయకూడదు. కోతల నడుమ, నమోదు మధ్యలో యాప్ మార్చకూడదు. మార్చక తప్పకపోతే పాతది కూడా కొన్నాళ్లు నడవనివ్వాలి. యాప్ పని చేయనప్పుడు చేతిరాత దరఖాస్తు తీసుకుని ముద్ర వేసిన రశీదు ఇవ్వాలి. ఆ రశీదు తేదీనే నమోదు తేదీగా ఒప్పుకోవాలి. దీనికి కోట్ల ఖర్చేమీ అక్కర్లేదు. ఒక రశీదు పుస్తకం, ఒక ముద్ర చాలు.

కాటా తప్పు తూగితే కాటాను సరిచేస్తారు గానీ బస్తా మోసుకొచ్చిన రైతును తప్పుపట్టరు. ఫోన్ విషయంలోనూ అదే న్యాయం జరగాలి. ఈసారి ‘నీ ఓటీపీ రాలేదు’ అని ఎవరైనా అంటే ఊరుకోకండి. ‘రాలేదని కాగితం మీద రాసివ్వండి’ అని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడగడం మానొద్దు.